ఖాళీ వరుస కింద

జనం పంపే ఫైళ్లు చూస్తే నాకు కడుపులో దేవుతుంది. మనసులో దాచుకునే అలవాటు లేదు కాబట్టి ఈ సంగతి ఆఫీసంతా తెలుసు. అందుకే నాకు ‘చీదరమ్మ’ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. పుట్టిన తేదీ గడిలో ‘తెలీదు, అడిగి చెప్తా’ అని రాసేవాళ్లను, బరువు గడిలో ఫోన్ నంబరు దింపేవాళ్లను, పక్కపక్క గళ్లన్నీ కలిపేసి మధ్యలో తమ సంస్థ పేరు రంగురంగుల అక్షరాల్లో పెట్టుకుని మురిసిపోయేవాళ్లను, ఫైలు పంపమంటే కంప్యూటర్ తెరకు ఫోన్‌తో ఫోటో తీసి అందులో తమ బొటనవేలి గోరు కూడా పడేలా పంపేవాళ్లను ముద్దు చేయడం నా వల్ల కాదు. వంటింటి తూము మూసుకుపోతే లోపలికి చెయ్యి పెట్టి, అడ్డుపడిందేమిటో బయటికి లాగుతారే, నా ఉద్యోగం అలాంటిది. కాకపోతే చేతికి వాసన అంటదు.

అయితే ఆ ఫైళ్లకంటే ఎక్కువ రోత పుట్టించేది మా కంపెనీ. మేం ఆసుపత్రులకు ఒక సర్వీసు నడుపుతాం. ఏ మంచం మీది రోగికి ఏ తిండి పెట్టాలో ఆసుపత్రి గుమాస్తాలు పట్టికలాగా తయారుచేసి, ఆ ఫైలు మా వెబ్‌సైటులో ఎక్కిస్తారు. మా దగ్గర ఒక ప్రోగ్రాం దాన్ని వరుస తర్వాత వరుసగా విప్పి చదువుతుంది. దాన్నే మేం పార్సర్ అంటాం. అది చదివింది ఆసుపత్రి వంటగదిలోని తెర మీద కనిపిస్తుంది. ఫలానా మంచానికి ఉప్పు లేకుండా, ఫలానా మంచానికి మెత్తగా రుబ్బి, అని. పట్టికలో లేని మంచానికి మామూలు భోజనం వెళ్తుంది.

ఆ పార్సర్‌కు ఒక జబ్బుంది. ఖాళీ వరుస కనిపిస్తే చాలు, ఫైలు అయిపోయిందనుకుని చేతులు దులుపుకుంటుంది. దాని కింద ఇంకా ఎంతమంది ఉన్నా తలతిప్పి చూడదు. చూడకపోతే పోయింది, చూడలేదన్న మాట కూడా బయటికి చెప్పదు. ఫైలు ఎక్కించినవాళ్లకు పచ్చటి టిక్కు ఒకటి చూపించి ‘మీ ఫైలు విజయవంతంగా అందింది’ అంటుంది. మొదట్లో తేడా వస్తే ఎర్రగా చూపించేదట. ఎరుపు చూసినవాళ్లు ఫోన్ చేసి విసుక్కునేవారట. మా మేనేజరు ఆలోచించి ఆలోచించి ఆ జబ్బుకు మందు కనిపెట్టాడు. ఎరుపు తీసేయించాడు. అప్పటినుంచి ఏం ఎక్కించినా పచ్చ టిక్కే. మేం ఆయన్ను టిక్కు సారు అంటాం, చాటుగా.

దీన్ని బాగుచేద్దామని నేను చేరినప్పటినుంచి అడుగుతూనే ఉన్నాను. ‘తర్వాతి విడతలో చూద్దాం తల్లీ’ అనేవాడు. ఆయనకు చెప్పడం, గోడకు చెప్పడం ఒకటే. గోడ నయం, నవ్వదు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం అక్క వాళ్లింటికి వెళ్లాను. మా అక్క ఒక ఆసుపత్రిలో ఆహార విభాగం గుమాస్తా. వాళ్లు మా సర్వీసే వాడతారు. ఎప్పుడు వెళ్లినా తలుపు తీస్తూనే ‘దయచేయండి చీదరమ్మగారూ, చెప్పులు తుడిచే పెట్టాం’ అని ఆటపట్టించే బావ, ఆ రోజు ఏమీ అనకుండా పక్కకు తప్పుకున్నాడు. అక్క సోఫాలో ఒక అంచున కూర్చుని ఉంది. ఆసుపత్రి గుర్తింపు కార్డు ఇంకా మెడలోనే ఉంది.

“ఏమైందక్కా?”

“నన్ను పనిలోకి రావద్దన్నారే. విచారణ అయ్యేదాకా.”

ఆ తర్వాత తను చెప్పలేకపోతే మధ్యమధ్యలో బావ అందుకున్నాడు. ఆ వారమే అక్కకు ఇంకో వార్డు అప్పజెప్పారు. మింగడం కష్టంగా ఉన్నవాళ్ల వార్డు. గొంతు ఆపరేషన్ అయినవాళ్లు, పక్షవాతం వచ్చి గొంతు పట్టేసినవాళ్లు. వాళ్లకు ఏదైనా మెత్తగా రుబ్బి పెట్టాల్సిందే. ఆ వార్డును కూడా పాత ఫైల్లోనే కింద చేర్చమన్నారు. అక్క చేర్చింది. వంటగది నుంచి మాత్రం ఆ వార్డుకు మామూలు రొట్టెలు బయల్దేరాయి. మొదటి పళ్లెం అందుకున్న ముసలావిడకు ముక్క గొంతులో అడ్డంపడింది. బయటికి తీసేసరికి ఒళ్లు నీలం తిరిగింది. ఇప్పుడు ఊపిరి పోసే మిషను మీద ఉంది.

“వంటగది వాళ్లేమో మా తెర మీద ఆ వార్డే లేదంటున్నారు. పెద్ద డాక్టరుగారేమో నువ్వు అసలు పంపనే లేదంటున్నారు. నేను పంపానే. టిక్కు కూడా వచ్చింది. నా కళ్లతో చూశాను.”

అడగబుద్ధి కాలేదు కానీ అడిగాను. “రెండు వార్డులకీ మధ్యలో ఏమైనా వదిలావా?”

“ఒక వరుస వదిలాను. కలిసిపోకూడదు కదా. చూసేవాళ్లకి తేటగా ఉంటుందని.”

మా అక్కది అన్నిటినీ చక్కబెట్టే చెయ్యి. అల్మారాలో తువ్వాళ్లకూ దుప్పట్లకూ మధ్య బెత్తెడు జాగా వదులుతుంది. మనుషుల్ని రెండు గుంపులుగా రాయాల్సి వస్తే మధ్యలో చోటు వదలకుండా ఎలా ఉంటుంది? చదివేవాళ్ల కళ్ల గురించి ఆలోచించే మనిషే ఆ తప్పు చేస్తుంది. నాలాగా జనాన్ని విసుక్కునే మనిషి ఛస్తే చేయదు.

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఖాళీ వరుస సంగతి, టిక్కు సంగతి. అక్కకు వెంటనే అర్థం కాలేదు.

“చదవనప్పుడు టిక్కు ఎందుకు చూపించింది మరి?”

“చూపించమన్నారు కాబట్టి.”

“ఎవరు?”

“మా మేనేజరు.”

“మరదలా, ఆ మనిషిని ఒకసారి కళ్లారా చూడాలనుంది నాకు,” అన్నాడు బావ.

“చూడకు బావా. తిన్నది ఒంటబట్టదు.”

బావ నవ్వలేదు. అక్క కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ, “ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చులే అనడానికి లేదే,” అంది. “ముసలావిడ గొంతులో రొట్టె అడ్డంపడేలా చేసిన మనిషి అంటారు నన్ను. ఆ మాట మొయ్యాలి నేను ఎక్కడికెళ్లినా.”

“మిగతావాళ్లకి ఇప్పుడు ఎలా పంపుతున్నారు?”

“నర్సులే చిట్టీలు రాసి వంటగదికి పట్టుకెళ్తున్నారు. కంప్యూటర్ మీద నమ్మకం పోయింది వాళ్లకి. అదొక్కటే కాస్త ఊరట.”

మర్నాడు ఆఫీసుకు వెళ్తూనే టిక్కు సారు గదిలోకి వెళ్లాను. ఆయన కమలాపండు తింటున్నాడు. తొనను నోట్లో వేసుకుని, రసం పీల్చేసి, పిప్పిని అరచేతిలోకి ఊసి, దాన్ని బల్ల మీది కాగితం అంచున వరసగా పేరుస్తున్నాడు. ఆ వరసలో మాత్రం ఎక్కడా ఖాళీ లేదు. గదిలో ఏదో సెంటు కొట్టించుకుంటాడు, ఆ తీపి వాసనకు పిప్పి వాసన తోడై నాకు నోట్లో నీళ్లు ఊరాయి, వాంతికి ముందు ఊరేవి.

విషయం మొత్తం చెప్పాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు విన్నాడు.

“ఆసుపత్రి వాళ్ల ఉత్తరం నాకు నిన్ననే వచ్చిందమ్మా. మన వైపు తప్పేముంది? ఖాళీ వరుసలు వదలమని మనం చెప్పామా?”

“వదలొద్దనీ చెప్పలేదు కదా సార్. కింద ఉన్నవాళ్లను చదవలేదని సర్వర్ లోపల మనకి తెలుస్తూనే ఉంది. బయటికే చెప్పడం లేదు. ఈ పూటే సరిచేసేస్తాను. పెద్ద పని కూడా కాదు.”

“వద్దు వద్దు. ఇప్పుడు ముట్టుకుంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. విచారణ అయ్యేదాకా ఎవరూ దాంట్లో చెయ్యి పెట్టడానికి వీల్లేదు. నీకు ఉన్న అనుమతి కూడా పొద్దున్నే తీయించేశాను. ఏమీ అనుకోకు.”

“అక్కడ పని పోగొట్టుకుంటున్నది మా అక్క, సార్.”

ఆయన చేతిలోని తొన కాగితం మీద పెట్టేశాడు. ముఖంలోకి జాలి తెచ్చుకున్నాడు. అది నేను భరించలేకపోయాను. ఆయన నవ్వితే కోపం వస్తుంది, జాలిపడితే ఒళ్లంతా ఏదో పాకినట్టుంటుంది.

“అయ్యో, ముందే చెప్పకపోయావా? సొంత మనిషిలా చూసుకుంటాం కదా. ఒక పని చేద్దాం. మనకి ఎలాగూ ఫైళ్లు శుభ్రం చేసే మనిషి కావాలి. పార్సర్‌కి ఇచ్చే ముందు ఖాళీ వరుసలూ గట్రా చేత్తో తీసేయడం. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. మీ అక్కయ్యని రమ్మను. ఆవిడకీ ఇబ్బంది ఉండదు, మనకీ ఇబ్బంది ఉండదు.”

మా అక్క మెడకు ఉరి తగిలించి, ఆ తాడు శుభ్రంగా ఉతికే ఉద్యోగం ఆవిడకే ఇస్తానంటున్నాడు. పైగా ఉపకారం చేస్తున్న ముఖం ఒకటి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమన్నా అంటే విచారణకు రానివ్వడని పళ్లు బిగపట్టుకున్నాను. విచారణకు కంపెనీ తరఫున ఇచ్చే రిపోర్టు తనే రాస్తాడట. ఏవైనా సాంకేతిక ప్రశ్నలు వస్తే జవాబు చెప్పడానికి మాత్రం నేను వెంట రావాలట. వస్తానన్నాను. వచ్చి ఏం చెప్తానో అడగలేదు ఆయన. నేను బయటికి వస్తుంటే చేతులు కర్టెనుకు తుడుచుకుంటున్నాడు.

విచారణ ఆసుపత్రి మేడమీద, పొడుగాటి బల్ల ఉన్న గదిలో జరిగింది. మధ్యాహ్నం కావస్తోంది. ఫినాయిలు వాసన, పక్కనే ఏసీ నుంచి బకెట్లోకి నీటి చుక్కలు. బల్ల చివర ఆసుపత్రి నడిపే పెద్ద డాక్టరుగారు కూర్చున్నారు. తెల్ల జుట్టు, చెదరని చీర, మాట తక్కువ. ఒక పక్క నేనూ టిక్కు సారూ. మాకు ఎదురుగా అక్క. ఇస్త్రీ చేసిన బట్టల్లో, బడిలో తప్పు చేసి నిలబడ్డ పిల్లలాగా కూర్చుంది. నావైపు చూడలేదు. నేను చెల్లెలినని ఆసుపత్రి వాళ్లకు తెలిస్తే నా మాట చెల్లదని భయం కాబోలు.

టిక్కు సారు రిపోర్టు చదివాడు. ‘ఫైలు నిర్దేశించిన పద్ధతిలో లేదు. సర్వీసులో ఎటువంటి లోపమూ లేదు.’ ఆ రెండు ముక్కల్నే తిప్పి తిప్పి, మసిపూసి మారేడుకాయ చేసి, పేజీలకు పేజీలు నింపాడు. అందరూ తలలూపారు. చదవడం అయ్యాక నేను లేచి, గోడ మీది పెద్ద తెరకు కలిపిన కీబోర్డు నావైపు లాక్కున్నాను. బల్ల కింద టిక్కు సారు నా కాలు తొక్కాడు. బూటు మడమతో, బలంగానే తొక్కాడు.

“మేడమ్, ఒక్క నిమిషం చూడండి,” అన్నాను.

అందరి ముందూ కొత్త ఫైలు ఒకటి తెరిచాను. మొదటి వరుసను ఖాళీగా వదిలాను. దాని కింద ఈ గదిలో ఉన్నవాళ్లందరికీ తలా ఒక వరుస రాసి, ఎదురుగా ‘విషం పెట్టొద్దు’ అని రాశాను. ఎక్కించాను. పచ్చ టిక్కు వచ్చింది. ‘మీ ఫైలు విజయవంతంగా అందింది.’ పక్కనే వంటగది తెరలో కనిపించేది తెరిచి చూపించాను. అందులో ఒక్కరం కూడా లేము.

ఎవరో దగ్గారు. అక్క మొదటిసారి నా వైపు చూసింది. ఇక అయిపోయింది, నిజం కళ్ల ముందుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

టిక్కు సారు గొంతు సవరించుకుని, “ఇది మా దృష్టిలో ఉన్న విషయమే మేడమ్. తర్వాతి విడతలో మెరుగుపరుస్తున్నాం,” అన్నాడు. చెమట కూడా పట్టలేదు ఆయనకు.

పెద్ద డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఈ సర్వీసు తీసుకోవాలని సంతకం పెట్టింది నేనే,” అన్నారు నెమ్మదిగా. “ఇప్పుడు ఇది పనికిరాదంటే పై వాళ్లు నన్ను అడుగుతారు. ఇందులో ఎవరినీ రచ్చకీడ్చక్కర్లేదు. ఇకమీదట ఫైళ్లలో ఖాళీ వరుసలు వదలకూడదని అన్ని విభాగాలకీ ఒక సర్క్యులర్ పంపుదాం. ఈ అమ్మాయి కూడా, ఇంకెప్పుడూ అలా వదలనని ఒక కాగితం మీద రాసి సంతకం పెడితే, రేపటినుంచి పనిలోకి రావచ్చు.”

“చక్కటి పరిష్కారం మేడమ్,” అన్నాడు టిక్కు సారు.

అంత రోత నేను ఏ ఫైల్లోనూ చూడలేదు. మిషను మీద ఊపిరి పీలుస్తున్న ఆ ముసలావిడ మాట ఆ గదిలో ఒక్కరి నోట రాలేదు. తప్పు ఎవరిదో అందరూ చూశారు, చూసి దాని మీద ఒక సర్క్యులర్ కప్పేశారు. ఇంకా అసహ్యమేమిటంటే, నా లోపల ఒక మూల అమ్మయ్య అనిపించింది. అక్క పని దక్కింది. సంతకం పెట్టెయ్యక్కా, ఈ పీడ వదిలించుకో అని నా మనసే అంటోంది. ఎదుటివాళ్ల మీద ఉమ్మేద్దామనుకున్నది నా నోట్లోనే తిరుగుతోంది.

గుమాస్తా ఒకాయన కాగితం తెచ్చి అక్క ముందు పెట్టాడు. అక్క పెన్ను మూత తీసింది. కాగితం మీద ఆనించింది. ఆనించి అలాగే ఆగిపోయింది.

“మేడమ్, ఇవాళ ఆ వార్డు నుంచి వంటగదికి చిట్టీలు వెళ్లాయా?” అని అడిగింది.

“చిట్టీలా? అవి పొద్దున్నే ఆపించాను. ఈ కంపెనీ వాళ్ల రిపోర్టు ఉదయమే అందింది. లోపమేమీ లేదన్నారు కదా. మీ స్థానంలో ఉన్నతను మళ్లీ ఫైలే పంపాడు.”

రిపోర్టు ఇప్పుడే, ఇక్కడే మొదటిసారి చదువుతున్నారనుకున్నాను నేను. టిక్కు సారు దాన్ని పొద్దున్నే పంపేశాడు. నాకు చెప్పలేదు.

“ఏ ఫైలు? నా ఫైలులోనే మార్చి పంపాడా?”

“అంతే కదమ్మా. టిక్కు వచ్చిందని చెప్పాడు.”

అంటే ఆ ఖాళీ వరుస ఇంకా అందులోనే ఉంది. అక్క లేచింది. కుర్చీ వెనక్కి పడింది. “భోజనాల బళ్లు వెళ్లిపోయుంటాయి,” అంటూ పరుగెత్తింది. వెనకాలే నేను. మెట్ల మీద అక్క చెప్పు ఒకటి జారిపోతే రెండోది కూడా విదిలించేసింది. పుట్టి బుద్ధెరిగాక మా అక్క పరుగెత్తగా నేను చూడలేదు.

వార్డులోకి వెళ్లేసరికి భోజనాల బండి మధ్యలో ఉంది. సగం మంచాలకు పళ్లేలు ఇచ్చేశారు. పొడి రొట్టె, వేయించిన కూర ముక్కలు. “ఎవరూ తినొద్దు, పళ్లేలు తీసెయ్యండి,” అంటూ అక్క ఒక్కో మంచం దగ్గరికీ వెళ్లి చేతుల్లోంచి లాగేస్తోంది. నర్సులు ముందు బిత్తరపోయి, తర్వాత పళ్లేల వైపు చూసి, వాళ్లూ లాగడం మొదలుపెట్టారు. గొంతుకు కట్టు ఉన్న ఒక పెద్దాయన రొట్టెను గుండెకు అదుముకున్నాడు.

“ఇన్నాళ్లకి మనుషులు తినే తిండి పెట్టారు. అదీ లాక్కుంటావా తల్లీ?” అన్నాడు, గాలిలా వచ్చే గొంతుతో.

“మీకిది పడదు బాబాయ్. నా మాట వినండి.”

ఆయన పక్క మంచం మీదాయన ఇదంతా చూసి, దొరికింది దక్కించుకుందామని గబగబా నములుతున్నాడు. నేను ఆయన దవడ పట్టుకుని, నోటికింద నా అరచెయ్యి పెట్టి, ఊసెయ్యమన్నాను. ఊశాడు. సగం నమిలిన రొట్టె, గోరువెచ్చగా, ఎంగిలితో జిగటగా నా చేతిలో పడింది. మిగిలింది ఏమైనా ఉందేమోనని వేలితో ఆయన చిగుళ్ల వెంట తడిమాను. నాకు చీదర పుట్టలేదు.

చివరి మంచం కిటికీ పక్కన ఉంది. దాని మీద సన్నటి ముసలమ్మ ఒకావిడ ఆనుకుని కూర్చుంది. ఒళ్లో పళ్లెం. అందులో తుడిచిపెట్టినట్టు ఏమీ లేదు. ఆవిడ అక్కను చూసి నవ్వింది, మూతి తుడుచుకుంది, ఏదో చెప్పబోయి చిన్నగా దగ్గింది. అక్క మంచం అంచున కూర్చుని, ఒక చెయ్యి ఆవిడ వీపు మీద, ఇంకొకటి గుండె మీద పెట్టి, తన చెవిని ఆవిడ గొంతు దగ్గర ఆనించింది. నర్సు డాక్టరును పిలవడానికి పరుగెత్తింది.

అప్పుడు వచ్చాడు టిక్కు సారు, ఆయాసపడుతూ. నా చేతిలో ఉన్నదాన్ని చూసి ముక్కు ముడుచుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. వార్డంతా ఒకసారి కలయజూశాడు. అందరూ మంచాల మీద ఉన్నారు, అందరూ కళ్లు తెరిచే ఉన్నారు. జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఎవరికీ ఏమీ కాలేదు కదా?” అన్నాడు. “అయితే అలాగే చెప్పేస్తాను మేడమ్‌గారికి.”

ముసలమ్మ మళ్లీ దగ్గింది. ఈసారి ఇంకాస్త లోపలి నుంచి.

“ఇంకా తెలీదు,” అంది అక్క, తలెత్తకుండానే.